నాయకుల పిల్లలను విమర్శించే పద్ధతి

శ్రీకాకుళం ఏడురోడ్ల కూడలిలోనైనా, విజయనగరం మూడు లాంతర్ల దగ్గరైనా ఎమ్మెల్యేగారి అబ్బాయి పుట్టినరోజు ఫ్లెక్సీలు కనబడగానే తిట్టిపోయడం సులువే గాని, అవతలివారు జవాబు చెప్పక తప్పని విమర్శ రాయాలంటే కొంత శ్రద్ధ కావాలి.

ముందుగా ఆ వ్యక్తి ఏ హోదాలో జనం ముందుకు వచ్చారో తేల్చుకోండి. ఎర్రన్నాయుడు 2012లో రోడ్డు ప్రమాదంలో మరణించిన తరువాత ఆయన కుమారుడు రామ్మోహన్ నాయుడు 2014, 2019, 2024 ఎన్నికల్లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానాన్ని గెలిచారు; అశోక్ గజపతిరాజు కుమార్తె అదితి విజయనగరం అసెంబ్లీ స్థానంలో 2019లో ఓడి, 2024లో గెలిచారు. ఇటువంటివారికి టికెట్టు ఎలా దక్కిందని పార్టీని నిలదీయవచ్చు. వారినైతే ఇచ్చిన హామీల గురించీ, సభలో పనితీరు గురించీ అడగాలి. ఏ పదవీ లేకుండానే మండల అధికారులతో సమీక్షలు జరిపేవారు, ప్రభుత్వ వేదిక మీద ముందు వరుసలో కూర్చునేవారు, రథసప్తమినాడు అరసవల్లిలో క్యూను దాటి దర్శనానికి వెళ్లేవారు వేరే కోవకు చెందుతారు. అక్కడ కూర్చున్నవారికంటే కుర్చీ వేయించిన అధికారినీ, ఊరుకున్న తల్లిదండ్రులనూ ప్రశ్నించడమే సబబని నా అభిప్రాయం, ఎందుకంటే ప్రజలకు జవాబుదారీ వారే.

తరువాత ఆధారం సంపాదించాలి. తేదీతో ఉన్న ఫోటో, ఆహ్వానపత్రిక, శిలాఫలకం మీద చెక్కిన పేర్లు దీనికి పనికివస్తాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టేటప్పుడు "ఆయన్ను ఎందుకు పిలిచారు" అని రాయకండి. కారణాలు వివరించే బాధ్యత లేదని అధికారి తప్పించుకుంటారు. "ఫలానా తేదీ కార్యక్రమానికి వేదిక మీదికి ఆహ్వానించినవారి జాబితా, ఖర్చు వివరాల నకలు ఇవ్వండి" అని దస్తావేజునే అడగండి. రుసుము మండల కార్యాలయంలో 5 రూపాయలు, జిల్లా కార్యాలయంలో 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు. ఫ్లెక్సీల విషయమైతే అనుమతి పత్రం నకలును మునిసిపాలిటీని అడిగితే చాలు.

ఆస్తుల విషయంలో చాలామంది తొందరపడతారు. నామినేషన్‌తో ఇచ్చే ఫారం 26 అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు అభ్యర్థివి, జీవిత భాగస్వామివి, హిందూ అవిభక్త కుటుంబానివి, ఆధారపడినవారివి మాత్రమే ఉంటాయి. స్వంత సంపాదన ఉన్న కొడుకు పేరు అందులో లేనంత మాత్రాన దాచారని రాస్తే, మీ మిగతా విమర్శ అంతా పలచబడిపోతుంది.

ఇక భాష సంగతి. పెళ్లి, విడాకులు, ఒడ్డూ పొడుగూ, కులం, మాట తీరు, చిన్ననాటి ఫోటోలు ఇవన్నీ వదిలేయండి. కూతుళ్ల విషయంలో మనవాళ్లు మరీ హద్దు మీరుతున్నారు కాబట్టి, ఈ మాట కొడుకు గురించైతే రాసేవాడినా అని ఒకసారి చూసుకోవడం మంచిది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువు నష్టానికి రెండేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. ప్రజాహితం కోసం చెప్పిన నిజానికి ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది గాని, "అని అందరూ అనుకుంటున్నారు" అన్న తోక తగిలిస్తే రక్షణ దొరకదు. అందుకే చూసినదాన్ని చూసినట్టు, ఊహను ఊహగా విడదీసి రాయండి.

అవతలివారు కాగితంతో జవాబిస్తే, మీరు రాసినచోటే దాన్నీ పెట్టండి. జవాబు రాకపోతే అదే విమర్శను అర్జీగా మార్చి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల పరిష్కార వేదికలో ఇచ్చి, రసీదు తీసుకోండి.