ఫోన్‌కి వచ్చే వైఫై టీవీకి ఎందుకు రావట్లేదు?

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉండే మా పిన్ని ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసింది. "టీవీకి నెట్ రావట్లేదురా. మెకానిక్ వచ్చి చూసి బోర్డు పోయింది, నాలుగున్నర వేలవుతుందన్నాడు. వేయించెయ్యమంటావా?" ఆగమని చెప్పి వెళ్లాను. బోర్డు శుభ్రంగా ఉంది. టీవీలో తేదీ మాత్రం 1970 జనవరి 1 అని చూపిస్తోంది. దాన్ని సరిచేయడానికి రెండు నిమిషాలు పట్టింది. పిల్లలు దూరాన ఉండి, పెద్దవాళ్లు ఇద్దరే ఉండే ఇళ్లు మన ఊళ్లో చాలా ఉన్నాయి. వాళ్ల డబ్బు ఇలా ఊరికే పోకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి

మీ ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి టీవీని దానికి కలపండి. వైఫై మామూలుగా 2.4, 5 గిగాహెర్ట్జ్ అనే రెండు బ్యాండ్‌ల (రేడియో తరంగాల శ్రేణుల) మీద నడుస్తుంది. హాట్‌స్పాట్ సెట్టింగ్‌లో బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్ పెట్టుకోండి. టీవీలో వీడియో ఆడితే టీవీ మంచిదే, చూడాల్సింది రూటర్‌నీ లైన్‌నీ. ఆడకపోతే టీవీ సంగతి చూడాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా ఎవరు ఏ పార్ట్ మార్చమన్నా ఒప్పుకోవద్దు.

"కనెక్టెడ్" అంటుంది, ఏ యాప్ తెరుచుకోదు

పిన్ని ఇంట్లో జరిగింది ఇదే. యాప్ తన సర్వర్‌తో మాట్లాడే ముందు టీవీ ఆ సర్వర్ సర్టిఫికెట్ (అది అసలుదేనని చెప్పే గుర్తింపు పత్రం లాంటిది) చూస్తుంది. దాని మీద ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని ఉంటుంది. టీవీ లెక్కలో ఇంకా 1970 నడుస్తుంటే, ఆ సర్టిఫికెట్ ఇంకా అమల్లోకే రాలేదనుకుని తలుపు మూసేస్తుంది. వైఫై గుర్తు నిండుగా కనిపిస్తుంది కాబట్టి గడియారం మీద ఎవరికీ అనుమానం రాదు. కరెంటు పోయి వచ్చాక కొన్ని టీవీల్లో ఇలా జరుగుతుంది. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ టైమ్ ఆపి, తేదీ, సమయం, భారత టైమ్‌జోన్ చేత్తో పెట్టండి. యాప్‌లు తెరుచుకున్నాక ఆటోమేటిక్ మళ్లీ ఆన్ చేయండి.

తేదీ సరిగ్గానే ఉంటే డీఎన్ఎస్ (సైట్ పేరు చెబితే దాని నెట్ అడ్రస్ వెతికిచ్చే సర్వర్) మార్చి చూడండి. నెట్‌వర్క్ సెట్టింగ్‌లో 8.8.8.8 గానీ 1.1.1.1 గానీ ఇస్తే చాలు.

ఇంట్లో ఫోన్‌లకి కూడా నెట్ లేకపోతే టీవీని వదిలేసి ఫైబర్ బాక్స్ చూడండి. ఎల్ఓఎస్ అన్న చోట ఎర్రలైటు వెలుగుతోందంటే బాక్స్‌కి ఫైబర్ వెలుగు అందట్లేదు. ఆ సన్నని వైరు సోఫా కింద గానీ టీవీ యూనిట్ వెనక గానీ మడత పడి నలిగిందేమో చూసి వదులు చేయండి. అయినా ఎర్రగానే ఉంటే లైన్‌మన్ రావాల్సిందే.

లిస్టులో మన వైఫై పేరే లేదు

పక్కింటి పేర్లు పది కనిపిస్తాయి, మనది ఉండదు. చవక టీవీలు చాలావరకు 2.4 మాత్రమే పట్టుకుంటాయి, రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్ ఒక్కటే ఆన్‌లో ఉంటే వాటికి అది లేనట్టే. రూటర్ వెనక స్టిక్కర్ మీద 192.168.1.1 లాంటి అడ్రస్, లాగిన్ వివరాలు ఉంటాయి. ఫోన్ బ్రౌజర్‌లో అక్కడికెళ్లి 2.4 కూడా ఆన్ చేసి, రెండు బ్యాండ్‌లకి వేర్వేరు పేర్లు పెట్టండి.

టీవీ 5 గిగాహెర్ట్జ్ పట్టేదే అయినా కనిపించకపోతే రూటర్ సెట్టింగ్‌లో వైఫై ఛానల్ (ఆ బ్యాండ్‌లో రూటర్ వాడే భాగం) చూడండి. 52 నుంచి 144 వరకు ఉన్నవి రాడార్లతో పంచుకునే ఛానళ్లు, కొన్ని టీవీలు వాటిని వెతకవు. ఆటో తీసేసి 36, 40, 44, 48లో ఒకటి పెట్టండి.

పాస్‌వర్డ్ తప్పంటుంది

సున్నాకీ ఇంగ్లీషు ఓకీ, పెద్ద అక్షరానికీ చిన్నదానికీ తేడా చూసుకుని, పాత నెట్‌వర్క్‌ని ఫర్‌గెట్ చేసి కొత్తగా కొట్టండి. అయినా అదే మాటంటే రూటర్ సెక్యూరిటీ డబ్ల్యూపీఏ3 (వైఫైకి తాళం వేసే కొత్త పద్ధతి)లో ఉందేమో చూడండి. పాత టీవీలకి అది తెలియదు, డబ్ల్యూపీఏ2కి మార్చాలి.

కరెంటు వచ్చాక కలవట్లేదు

టీవీ ముందు లేచి, ఫైబర్ బాక్స్ సిద్ధమయ్యేలోపే ప్రయత్నించి ఊరుకుంటుంది. రిమోట్‌తో ఆపితే టీవీ నిద్రపోతుందంతే. ప్లగ్ పీకి రెండు నిమిషాలు ఆగండి. ముందు బాక్స్, రూటర్ ఆన్ చేసి, లైట్లు నిలకడగా వెలిగాక టీవీ పెట్టండి. రూటర్ ఇన్వర్టర్ మీద ఉన్న ఇళ్లలో అది నెలల తరబడి ఆగకుండా నడుస్తుంటుంది, దాన్నీ ఓసారి ఆపి వేయండి.

రాత్రి తొమ్మిదైతే వీడియో ఆగి, చక్రం తిరుగుతూనే ఉంటుంది

అపార్ట్‌మెంట్లలో మామూలే. అందరి రూటర్లూ అదే 2.4 మీద గోల చేస్తుంటాయి. అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానళ్లు 1, 6, 11 మాత్రమే. రూటర్ సెట్టింగ్‌లో ఈ మూడూ ఒక్కొక్కటిగా మార్చి చూడండి. రూటర్ ఇనప బీరువా వెనకో, టీవీ వీపుకి ఆనుకునో ఉంటే బయటికి తీసి ఎత్తులో పెట్టండి.

నన్నడిగితే, కుదిరితే రూటర్ నుంచి టీవీకి నేరుగా ల్యాన్ కేబుల్ వేసేయడమే మేలు. చాలా టీవీల్లో ఆ పోర్టు 100 ఎంబీపీఎస్‌దే అయినా 4కే వీడియోకి అందులో నాలుగో వంతు సరిపోతుంది. బీచ్ దగ్గరి ఇళ్లలో పాత కేబుల్ వాడేటప్పుడు దాని చివర ఉండే లోహపు పిన్‌లు ఉప్పుగాలికి చిలుం పట్టి పచ్చబడ్డాయేమో చూసుకోండి.

నిజంగానే పార్ట్ పోయిందా?

వైఫై ఆన్ చేసినా వెంటనే ఆఫ్ అవుతోందా? హాట్‌స్పాట్ కూడా కనిపించట్లేదా? టీవీ వివరాల్లో వైఫై మ్యాక్ అడ్రస్ (వైఫై భాగానికి ఉండే గుర్తింపు నంబరు) ఖాళీగా గానీ అన్నీ సున్నాలుగా గానీ ఉందా? అప్పుడు వైఫై మాడ్యూల్ పోయి ఉండొచ్చు. ఫ్యాక్టరీ రీసెట్ ఒకసారి చేసి చూడండి, యాప్‌లూ లాగిన్‌లూ అన్నీ పోతాయి కాబట్టి పాస్‌వర్డ్‌లు ముందే రాసిపెట్టుకోండి. అప్పటికీ రాకపోతే వారంటీ చూసుకోండి. వారంటీ దాటిపోతే బోర్డు జోలికి పోకుండా హెచ్‌డీఎంఐకి పెట్టే స్ట్రీమింగ్ స్టిక్ కొనుక్కోండి, దానికి సొంత వైఫై ఉంటుంది.