బరువు తగ్గాలంటే అన్నం ఒక్కసారే వడ్డించుకోండి

మన భోజనంలో అన్నం పెరిగేది వడ్డన దగ్గర. పప్పుకి ఒకసారి, కూరకి ఒకసారి, చారుకి ఇంకాస్త, చివర పెరుగుకి మళ్ళీ. ప్రతిసారీ కొంచెమే అనిపిస్తుంది. లేచేసరికి 150 గ్రాముల బియ్యం కడుపులో ఉంటుంది, అంటే 500 కెలోరీలకు పైనే. ఎలక్ట్రిక్ కుక్కర్‌తో వచ్చే గ్లాసు నిండా పోస్తే పట్టేది కూడా అంతే.

మనిషికి పూటకి 60 గ్రాముల బియ్యం కొలవండి, ఇద్దరికైతే ఆ గ్లాసుతో ముప్పావు చాలు. వండితే ఒక్కొక్కరికి సుమారు 160 గ్రాముల అన్నం, 210 కెలోరీలు. మొత్తం ఒకేసారి కంచంలో పెట్టుకుని గిన్నెకి మూత పెట్టేయండి. సగం పప్పుకి, సగం కూరకి. చారు గ్లాసులో పోసుకుని తాగండి, పెరుగు ఉత్తిదే తినండి. పెరుగన్నం లేనిదే భోజనం పూర్తికాదనేవాళ్ళు రెండు ముద్దల అన్నం ముందే కంచంలో పక్కకి జరిపి ఉంచుకోవాలి. గిన్నె మూత మాత్రం మళ్ళీ తీయకూడదు.

తగ్గించిన అన్నం చోటులోకి పప్పు, కూర రావాలి. పలచటి పప్పు రెండు గరిటెలు ఆకలిని ఆపవు. మనిషికి 40 గ్రాముల కందిపప్పు వేస్తే 9 గ్రాముల దాకా ప్రోటీన్ అందుతుంది. రెండు కోడిగుడ్లయితే 12. ఇది పట్టించుకోనివాళ్ళే సాయంత్రం మిర్చిబజ్జీల బండి దగ్గర తేలతారు. ముందు కాస్త ఉత్తి కూర, పప్పు తిని, తర్వాత అన్నం కలుపుకుంటే షుగర్ ఒక్కసారిగా ఎగబాకదు.

నూనె సంగతి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కెలోరీల భోజనానికి రోజుకి 27 గ్రాముల నూనె చెప్పింది. బరువు తగ్గాలనుకుంటే 15 దగ్గర ఆగండి. నలుగురున్న ఇంటికి నెలకి 2 లీటర్లు, అంతే. వేపుళ్ళ దగ్గరే లెక్క తప్పుతుంది. దొండకాయ చక్రాల్లా తరిగి, ఉప్పు, రెండు చెంచాల నీళ్ళు చల్లి, మూతపెట్టి సన్నసెగ మీద మగ్గనివ్వండి. మెత్తబడ్డాక మూత తీసి, తడి పూర్తిగా ఆరాక రెండు టీస్పూన్ల నూనె వేసి మంట పెంచండి. తడి ఉండగా నూనె పోస్తే ముక్క ఎర్రబడదు, అడుగంటుతుంది, చెయ్యి మళ్ళీ నూనె డబ్బా మీదకే పోతుంది. బెండకాయకి ఈ పద్ధతి పనికిరాదు, జిగురైపోతుంది.

రాత్రి అన్నం మాని మూడు చపాతీలు తింటే పిండే 90 గ్రాములు, 300 కెలోరీలు. అన్నం కన్నా ఎక్కువే. రాగుల్లో కెలోరీలు దాదాపు బియ్యంలో ఉన్నన్ని ఉంటాయి, మెత్తటి పిండితో కాచిన జావ త్వరగా అరిగి షుగర్‌ని పెంచుతుంది. ఇక శనివారం ఒంటిపూట ఉండి రాత్రి టిఫిన్ పేరుతో నాలుగు పూరీలు లాగిస్తే, ఆ ఉపవాసం పుణ్యానికే.

షుగర్‌కి గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు డాక్టరుతో డోసు మాట్లాడకుండా అన్నం తగ్గించకూడదు, షుగర్ పడిపోవచ్చు. కిడ్నీ జబ్బు ఉంటే పప్పు పెంచే ముందు కూడా అడగాలి.

వారానికి ఒకసారి, ఉదయం పరగడుపున బరువు చూసుకోండి. మొదటి వారం తగ్గేదాంట్లో నీరే ఎక్కువ. తర్వాత వారానికి అరకిలో తగ్గినా బాగా సాగుతున్నట్టే. టేపుతో నడుము కూడా కొలవండి: మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి.