కారిండెరియాలో చప్పటి చేపకి చిట్కా

ఫిలిప్పీన్స్‌లో, దవావోలోనో మనీలాలోనో కారిండెరియాకి, అంటే అక్కడి చిన్న భోజనశాలకి వెళ్తే, కాల్చిన చేప, కోడి మన నాలుకకి చప్పగా అనిపిస్తాయి. విడిగా సాస్ కొనక్కర్లేదు. సోయా సాస్ సాధారణంగా టేబుల్ మీదే ఉంటుంది. గోళీకాయంత నిమ్మకాయలు కలమాన్సి, చిన్న మిరపకాయ సిలింగ్ లాబుయో అడిగితే చాలాచోట్ల ఇస్తారు. చిన్న గిన్నెలో రెండు చెంచాల సోయా సాస్, మూడు కలమాన్సిల రసం పోసి, ఒక మిరపకాయ చెంచాతో నలిపి కలపండి. ముక్క అందులో ముంచుకుని అన్నంతో తినడమే, అక్కడివాళ్లు తినేదీ ఇలాగే. లాబుయో చిటికెనవేలంత కూడా ఉండదు గానీ గుంటూరు వాళ్లయినా ఒకటితోనే మొదలుపెట్టడం మంచిది. అడోబో అనే అక్కడి మాంసం కూరకి మాత్రం ఇది వద్దు. అందులో సోయా సాస్, వెనిగర్ ముందే ఉంటాయి, ఉప్పుకషాయం అయిపోతుంది.