పండగ కాఫీ విరిగిందా? పాలబ్బాయిని తిట్టేముందు ఫ్లాస్క్ మూత విప్పి చూడండి

రోజూ ఇద్దరికో ముగ్గురికో కాఫీ కలిపే చెయ్యి సంక్రాంతికి ఇరవైమందికి కలపాల్సి వచ్చేసరికి తడబడుతుంది. భోగి మంట దగ్గర్నుంచి లేచి వచ్చినవాళ్ళంతా ఒక్కసారే వంటింటి గుమ్మంలో నిలబడతారు. చలి, నిద్రమత్తు, పైగా హాల్లో కొత్తల్లుడు. అప్పుడు డికాషన్ దిగలేదన్నా, కాఫీ విరిగిందన్నా ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. వెంటనే పొడి మంచిది కాదంటారు, పాలు కల్తీ అంటారు. నేను చూసినంతలో పొడి తప్పూ పాల తప్పూ తక్కువే. ఫిల్టర్ వాడటం, పాలు కాచడం మీకు వచ్చనే అనుకుని రాస్తున్నాను.

డికాషన్ దిగడం లేదు

రాత్రి వేసి పడుకుంటే పొద్దున కింది గిన్నెలో నాలుగు చుక్కలు, పైగిన్నెలో నీళ్ళు అలాగే. ఇలాంటప్పుడు చాలామంది గరిటె తీసుకుని ఫిల్టర్ మీద టకటకా కొడతారు. దాంతో పొడి ఇంకా గట్టిగా సర్దుకుంటుంది. కొట్టకండి. పైగిన్నెను కాస్త పైకి లేపి, కొద్దిగా తిప్పి వదులుగా కూర్చోబెట్టండి. రెండు గిన్నెలూ బిగుసుకుపోతే కింద ఉన్న గాలి బయటికి రాలేదు. గాలి రాకపోతే చుక్క దిగదు. చాలాసార్లు ఇంతటితోనే సరిపోతుంది.

అప్పటికీ దిగకపోతే పొడిని ఇంకో గిన్నెలోకి వంచేసి, పైగిన్నెను లైటుకు ఎదురుగా పట్టుకుని చూడండి. చిల్లులన్నీ కనిపించాలి. సగమే కనిపిస్తే, స్టీలు ఫిల్టరైతే ఆ ఖాళీ గిన్నెను చిన్న మంట మీద కాసేపు ఉంచండి. ఇరుక్కున్న పొడి కాలి రాలిపోతుంది. చల్లారాక తోమండి. చిల్లులు బాగానే ఉంటే గొడుగుతో (పొడి మీద పెట్టే, కాడ ఉన్న చిల్లుల బిళ్ళ) పొడిని మరీ అదిమేసి ఉంటారు, లేదా పొడి మరీ మెత్తగా ఉండి ఉంటుంది. చికోరీ (కాఫీపొడిలో కలిపే ఒక వేరు పొడి) ఎక్కువున్న పొడి కూడా నెమ్మదిగానే దిగుతుంది. మన దేశంలో కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలని నిబంధన. అంటే మిగతా 49 దాకా చికోరీయే ఉండొచ్చు. ప్యాకెట్ మీద ఆ అంకె రాసి ఉంటుంది, పండగకి కొనేముందు చూసుకోండి. చికోరీ 20 శాతం దాటకపోతే ఇరవైమందికి వేసినా ఇబ్బంది ఉండదు.

డికాషన్ పలచగా వస్తోంది

లెక్క తప్పడమే. ఇరవైమందికి తలా 120 మిల్లీలీటర్లంటే దాదాపు రెండున్నర లీటర్ల కాఫీ. అందులో పావువంతు, అంటే 600 మిల్లీలీటర్లు డికాషన్, మిగతాది పాలు. దానికి 140 నుంచి 150 గ్రాముల పొడి కావాలి. నీళ్ళు మాత్రం 600 పోస్తే చాలదు. తడిసిన పొడి తన బరువుకు రెండింతల నీళ్ళు తనలోనే పట్టుకుంటుంది కాబట్టి 900 దాకా పోయాలి. ఇంత పొడి ఇంట్లోని చిన్న ఫిల్టర్‌లో పట్టదు. పక్కింటి ఫిల్టర్ కూడా అడిగి తెచ్చుకుని రెండింటిలో వేయండి. చిన్నదాంట్లోనే రెండోసారి, మూడోసారి నీళ్ళు పోసి లాగిస్తే వచ్చేది రంగునీళ్ళు.

ఇంకొకటి, చలికాలం తెల్లవారుజామున ఫిల్టర్ మంచులా ఉంటుంది. మరిగే నీళ్ళు పోసినా ఆ లోహం కొంత వేడి లాగేసుకుంటుంది. పొడి వేయకముందే ఖాళీ ఫిల్టర్‌లో వేడినీళ్ళు తిప్పి పారబోయండి.

చివరి గ్లాసుకు వెళ్ళేసరికి చల్లారిపోతోంది

పాలు పొంగేంత వేడిగానే ఉంటాయి, అయినా కాఫీ గోరువెచ్చగా ఉందంటారు. ఫ్రిజ్‌లోంచి తీసిన డికాషన్ నేరుగా కలిపారా? 95 డిగ్రీల పాలు మూడు వంతులు, 10 డిగ్రీల డికాషన్ ఒక వంతు కలిస్తే కాఫీ 74 డిగ్రీల దగ్గర ఆగుతుంది. దాన్ని చల్లటి స్టీలు గ్లాసులో పోసి, డబరాలో తిరగబోసి, హాలు దాటించి ఇచ్చేసరికి ఇంకెంత మిగులుతుంది? డికాషన్ గిన్నెను వేడినీళ్ళున్న పెద్ద గిన్నెలో కూర్చోబెట్టి 60 డిగ్రీలకు తెచ్చుకుంటే అదే కాఫీ 86 దగ్గర ఉంటుంది. డికాషన్‌ను మాత్రం పొయ్యి మీద మరిగించకండి, చేదెక్కుతుంది. గ్లాసులు కూడా వేడినీళ్ళలో ముంచి తీయండి. ఆరారుగురికి విడివిడిగా కలపండి తప్ప ఇరవై గ్లాసులు వరసగా పెట్టి పోయకండి.

కాఫీ విరిగింది, లేదా ఏదో వాసన వస్తోంది

అసలు గొడవ ఇక్కడే. దీనికో గుర్తుంది. వంటింట్లో రుచి చూసినవాళ్ళు బ్రహ్మాండం అంటారు. హాల్లోనో మేడ మీదో తాగినవాళ్ళు సగం గ్లాసు కుర్చీ కింద పెట్టేస్తారు. బాగాలేదని ఏ చుట్టమూ నోరు తెరిచి చెప్పడు. కొత్తల్లుడైతే అస్సలు చెప్పడు, ‘చాలండీ, ఇందాకే తాగాను’ అంటాడు. కాబట్టి ఖాళీ గ్లాసులు తీసేటప్పుడు ఎన్నిటిలో మిగిలిందో గమనించండి. ఒకే గిన్నెలో కలిపిన కాఫీ ఒకచోట బాగుండి ఇంకోచోట చెడిందంటే, ఆ రెండు చోట్ల మధ్యలో ఏముంది? ఫ్లాస్క్.

అయినా ముందు పాలూ డికాషనూ కారణం కాదని తేల్చుకోండి. శుభ్రమైన గ్లాసులో రెండు చెంచాల వేడి పాలు, అర చెంచా డికాషన్ కలపండి. విరిగితే పాలను విడిగా మరిగించండి. విడిగానే విరిగితే పాలు పోయాయి, పారబోయాల్సిందే. పాలు నిలిచి, డికాషన్ కలిపాకే విరిగితే పాలు అప్పుడే పులవడం మొదలెట్టాయన్నమాట. నోటికి తెలియనంత పులుపు చాలు. కాఫీకి కొంత ఆమ్లగుణం ఉంది, దానికి వేడి తోడైతే అంతవరకు నిలిచిన పాలు కూడా ముక్కలవుతాయి. మొన్నటి డికాషనైనా ఇంతే చేస్తుంది. పండగ రోజుల్లో ఫ్రిజ్ నిండా పిండివంటల గిన్నెలుంటాయి కాబట్టి పాల ప్యాకెట్లు గట్టు మీదే ఉండిపోతాయి. చలేగా అని ఊరుకోకండి, అరిసెల మూకుడు పక్కన చలి ఉండదు.

గ్లాసులో కలిపింది బాగుంటే ఇక పాల జోలికి, పొడి జోలికి వెళ్ళకండి. ఫ్లాస్క్ తీసుకోండి.

ఆ ఫ్లాస్క్ ఎప్పటిది? గృహప్రవేశానికో సీమంతానికో వాడి, నీళ్ళతో తొలిచి, మూత బిగించి అటక మీద పెట్టినది. భోగి ముందురోజు దించి, వేడినీళ్ళు తిప్పి పారబోసి, వాసన చూసి బాగుందంటారు. చల్లటి ఫ్లాస్క్‌లో వాసన తెలియదు. మరిగే నీళ్ళు సగం దాకా పోసి (లోపల గాజు ఉన్న రకమైతే ముందు గోరువెచ్చటి నీళ్ళు తిప్పాకే), బిరడా బిగించి, తలకిందులు చేసి పది నిమిషాలు ఉంచండి. అప్పుడు తెరిచి చూడండి. ముక్కు వెనక్కి లాక్కున్నారంటే దొంగ దొరికినట్టే. ఈ ఒక్క పనీ చేయండి మహాప్రభో అని ఏటా చెబుతాను. ‘కడిగాంగా!’ అంటారు.

కడిగింది లోపలి గోడను. మురికి ఉండేది బిరడాలో. దాన్ని తిప్పి తీసి అంచు చుట్టూ చూడండి, రబ్బరు వాషర్ ఉంటుంది. చెంచా కాడతో దాన్ని పైకి లేపండి. కిందున్న గాడిలో పసుపుపచ్చటి జిగురు కనిపిస్తుంది. వేలికి అంటించుకుంటే మీగడలా జారుతుంది, వాసన చూస్తే కనరెక్కిన నెయ్యి. పోయినసారి పోసిన కాఫీలోని పాలే అవి. నొక్కితే కాఫీ వచ్చే బిరడా అయితే లోపలి స్ప్రింగు చుట్టూ కూడా ఇదే జిగురు. కాఫీ వంపిన ప్రతిసారీ దాన్ని ఒరుసుకునే బయటికి వస్తుంది. కాఫీ 60 డిగ్రీల పైన ఉన్నంతసేపు సూక్ష్మజీవుల ఆట పెద్దగా సాగదు, వాసన ఒక్కటే అంటుతుంది. గంటలు గడిచి గోరువెచ్చనికి దిగేసరికి ఆ జిగురే తోడు చుక్కలా పనిచేస్తుంది. మొదటి నలుగురికి ఫరవాలేదనిపించి, ఆలస్యంగా లేచినవాళ్ళకి విరిగిన కాఫీ అందేది ఇందుకే.

పైన గొట్టం ఉండి నొక్కితే పోసే పంపు ఫ్లాస్కులు ఇంకా దారుణం. అడుగుదాకా వెళ్ళే ఆ సన్నటి గొట్టంలోకి బ్రష్ దూరదు. అందులో పాలు కలిసినది ఏదీ పోయకండి, నీళ్ళకీ బ్లాక్ కాఫీకీ ఉంచుకోండి. టెంట్ హౌస్ నుంచి అద్దెకు తెచ్చే కుళాయి క్యాన్లయితే కుళాయి విప్పి చూడాల్సిందే. ఒకసారి ఒక పెళ్ళివారి క్యాన్ కుళాయి విప్పితే లోపల పాలు గట్టిపడి పెచ్చులుగా వచ్చాయి. అప్పటిదాకా ఆ ఇంట్లో మూడు రకాల పొడి మార్చి చూశారు.

బాగుచేయడం కష్టమేమీ కాదు. వాషర్, బిరడా, ఊడేవన్నీ ఊడదీసి, అర లీటరు వేడినీళ్ళలో రెండు చెంచాల వంటసోడా కలిపి అరగంట నానబెట్టండి. పాత టూత్ బ్రష్‌తో గాడి అంతా రుద్దండి. ఫ్లాస్క్ లోపల కూడా సోడా వేడినీళ్ళు పోసి రాత్రంతా వదిలేయండి. లోపల గాజు ఉన్న రకమైతే ముందు గోరువెచ్చటి నీళ్ళు తిప్పాకే వేడివి పోయాలి, లేకపోతే గాజు టప్పుమంటుంది. పొద్దున కడిగి మళ్ళీ మరిగే నీళ్ళతో వాసన చూడండి. ఇంకా వస్తుంటే వాషర్ రబ్బరుకే పట్టేసింది, కొత్తది వేయించండి. దొరక్కపోతే ఆ ఫ్లాస్క్ ఈ పండక్కి మంచినీళ్ళకి కూడా వద్దు.

అటక ఎక్కించేటప్పుడు మూత విడిగా, ఫ్లాస్క్ విడిగా పెట్టండి. తడితో బిగించి పెట్టినదానికి ఎంత కడిగినా వాసన తిరిగొస్తుంది.

అసలు కలిపిన కాఫీ ఫ్లాస్క్‌లో పోయడం నాకు నచ్చదు. డికాషన్ ఒక్కటే ఫ్లాస్క్‌లో పోసి, పాలు సన్నటి మంట మీద ఉంచి, అడిగినప్పుడు కలిపితే ఈ బాధే లేదు. చక్కెర కూడా విడిగానే, షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ప్రతి ఇంట్లో ఉన్నారు. మేడ మీదికో పొలానికో తీసుకెళ్ళక తప్పదంటే చిన్న ఫ్లాస్క్‌లో గంటలోపు అయిపోయేంతే పోసి, తిరిగి రాగానే బిరడా విప్పి కడగండి.

మిగతావి

బెల్లం కాఫీ విరిగితే తప్పు బెల్లానిది. పాలు పొయ్యి మీద ఉండగా వేయకుండా, దించి కాస్త ఆగాక కలపండి, లేదా బెల్లాన్ని డికాషన్‌లోనే కరిగించండి. కాఫీ చిక్కగా లేదంటే టోన్డ్ పాలు వాడి ఉంటారు. వాటిలో వెన్న 3 శాతం, ఫుల్ క్రీమ్‌లో 6. పండగ నాలుగు రోజులూ ఫుల్ క్రీమ్ తెచ్చుకోండి, నీళ్ళు కలపకండి. బోరు నీళ్ళ ఉప్పదనం వల్ల రుచి మారడం ఉంది కానీ, రోజూ అవే నీళ్ళతో బాగున్న కాఫీ పండగనాడే పాడవదు. పొడి పాతబడితే వాసన తగ్గుతుందే గానీ విరగదు. గ్లాసులకి సబ్బు వాసన ఉంటే ఇంకోసారి తొలవండి, దానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు.