ఎంజీబీ ఇంజను వేడెక్కుతుంటే: కూలింగ్ వ్యవస్థను శుభ్రపరిచే విధానం

ఇంగ్లండులోని అబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు తయారైన ఎంజీబీ స్పోర్ట్స్ కారు వేడెక్కుతోందంటే చాలామంది ముందుగా రేడియేటర్‌నే అనుమానిస్తారు. అంతకంటే ముందు చూడవలసింది సిలిండర్లుండే ఇంజను బ్లాకును. 1798 సీసీల ఈ ఇంజనులో బ్లాకు, దాని పైన బిగించే హెడ్ రెండూ పోత ఇనుముతో చేసినవే కాబట్టి, ఏళ్ల తరబడి ఉత్త నీళ్లతో నడిపిన బండిలో తుప్పు రాలి, బ్లాకు వెనుక వైపు అడుగున బురదలా పేరుకుపోతుంది.

అందువల్ల ఇంజను పూర్తిగా చల్లారాక, రేడియేటర్‌ను ఖాళీ చేయడంతో ఆగకుండా బ్లాకుకున్న డ్రెయిన్ బిరడాను కూడా విప్పాలి. చుక్క రాకపోతే లోపల ఏమీ లేదనుకోకూడదు. సన్నని తీగను రంధ్రంలో దూర్చి మెల్లగా కదిపితే, మొదట తడిసిన కాఫీపొడి లాంటి ముద్ద, ఆ వెనుక ఇటుకరంగు నీరు దిగుతాయి. బండి లోపలి హీటర్‌కు నీరు వెళ్లే వాల్వు తెరిచి, పైనుంచి గొట్టంతో నీళ్లు వదులుతూ, తేట నీరు వచ్చేదాకా కడగాలి. పూట పట్టినా ఈ పనిలో తొందర పనికిరాదు. పాత కూలెంట్ (ఇంజనును చల్లబరిచే ద్రవం) విషం, పైగా తియ్యగా ఉంటుంది కనుక పిల్లలకూ కుక్కలకూ అందనివ్వకండి.

వేడెక్కుతోందని థర్మోస్టాట్‌ను, అంటే ఇంజను తగినంత వేడెక్కాకే కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే కవాటాన్ని, తీసి పారేయడం తప్పు. దాన్ని దారంతో కట్టి, గిన్నె అడుగుకు తగలకుండా నీళ్లలో వేలాడదీసి కాచండి. 82 డిగ్రీలదైతే ఆ వేడికి అటూ ఇటుగా తెరుచుకోవడం కంటికి కనిపిస్తుంది. తెరుచుకోకపోతే కొత్తది వేయాలి.

తిరిగి నింపడానికి సిలికేట్ కలిసిన పాత తరహా ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి వాడాలి, రెండేళ్లకొకసారి మార్చాలి. రేడియేటర్ మూత విషయంలో మీ మోడల్‌కు చెప్పిన ఒత్తిడినే పాటించాలి. ఎక్కువ ఒత్తిడి మూత వేస్తే నీరు ఆలస్యంగా మరుగుతుంది గానీ, పాత హీటర్ అతుకులు కారడం మొదలవుతుంది. ఫ్యాన్ బెల్టును పొడవైన భాగం మధ్యలో నొక్కితే సుమారు 13 మిల్లీమీటర్లు వంగాలి.

బండి ముందు భాగాన్ని కొంచెం ఎత్తులో ఉంచి, గాలి బుడగలు ఆగేదాకా నెమ్మదిగా పోయండి. మొదటిసారి నడిపి వచ్చాక, ఇంజను చల్లారిన తరువాతే మూత తీసి, తగ్గిన మేరకు నింపండి.