‘దౌ’ అంటే ‘తమరు’ కాదు, ‘నువ్వు’

పాత ఇంగ్లీషు నాటకాల్లో, ప్రార్థనల్లో ‘దౌ’ (thou) అనే సర్వనామం కనబడగానే అదేదో మహా మర్యాదైన మాట అనుకొని ‘తమరు’ అని అర్థం చెప్పుకునేవారు చాలామంది ఉన్నారు. నిజానికి అది మన ‘నువ్వు’. దేవుణ్ని ఉద్దేశించి వాడడం వల్ల దానికి ఆ గాంభీర్యం అంటుకుంది గాని, ‘నీవే దిక్కు’ అని మనమూ దేవుణ్ని ఏకవచనంలోనే పిలుస్తామని గుర్తు తెచ్చుకుంటే ఆ భ్రమ తొలగిపోతుంది.

ముందుగా రూపాలు చూద్దాం. కర్తగా ‘దౌ’ (నువ్వు), కర్మగా ‘దీ’ (నిన్ను, నీకు), షష్ఠిలో ‘దై’ (నీ) వస్తాయి. అచ్చుతో మొదలయ్యే మాటకు ముందు సాధారణంగా ‘దై’ కాస్తా ‘దైన్’ అవుతుంది కనుక ‘దై నేమ్’ అంటారు గాని ‘దైన్ ఐస్’ అంటారు. ‘నీది’ అని విడిగా చెప్పడానికీ ‘దైన్’ అనే వాడతారు. క్రియ కూడా మారుతుంది: ‘దౌ ఆర్ట్’, ‘దౌ హ్యాస్ట్’, ‘దౌ షాల్ట్’, ‘దౌ గోయెస్ట్’. పాతకాలపు వాసన కోసం ‘దౌ గోయెత్’ అని రాసేవారు పొరబడుతున్నారు, ఎందుకంటే ‘ఎత్’ అనే ప్రత్యయం ‘అతను’, ‘ఆమె’, ‘అది’ అనే ప్రథమ పురుషకు చెందినది.

అర్థం తేల్చుకోవడానికి ముందు మీరు చదువుతున్నది ఏ రచనో చూసుకోవాలి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో ‘దౌ’కూ, ‘యీ’ లేదా ‘యూ’కూ మధ్య భేదం మర్యాదది కాదు, కేవలం ఏకవచన బహువచనాలది. యోహాను సువార్త 3వ అధ్యాయం 7వ వచనంలో యేసు నికోదేముతో మాట్లాడుతూ ‘నీతో చెప్పాను’ అనే చోట ‘దీ’ అనీ, ‘మీరు మళ్లీ జన్మించాలి’ అనే చోట బహువచనమైన ‘యీ’ అనీ అంటాడు. చెప్పినది ఒక్కడికే అయినా, మాట అందరికీ వర్తిస్తుంది. నేటి ఇంగ్లీషులో రెండు చోట్లా ‘యూ’ అనే రాయడంతో ఈ సూక్ష్మం కంటికి ఆనదు. తెలుగు బైబిలు మాత్రం ‘మీరు’, ‘నీతో’ అని దాన్ని చక్కగా నిలుపుకుంది.

షేక్‌స్పియర్ నాటకాల్లో సంగతి వేరు. అక్కడ పెద్దలకు, పరిచయం లేనివారికి ‘యూ’, పిల్లలకు, పనివారికి, ఆప్తులకు ‘దౌ’ వాడడం మామూలు గనుక, పాత్ర ఒకదాన్నుంచి మరొకదానికి మారిన చోట కాస్త ఆగాలి. ‘కింగ్ లియర్’ మొదటి దృశ్యంలో కెంట్ ప్రభువు అప్పటిదాకా రాజని గౌరవించిన మనిషిని ఉన్నట్టుండి ‘ముసలివాడా’ అని పిలిచి ‘దౌ’ అంటాడు. అక్కడ ‘మీరు’ అని అనువదిస్తే ఆ సన్నివేశం చచ్చిపోతుంది.

ఈ మాట క్రియగా కూడా పనిచేసింది. 1603లో వాల్టర్ రాలీ అనే ఇంగ్లీషు ప్రముఖుడిపై జరిగిన రాజద్రోహ విచారణలో ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్, ‘నిన్ను దౌ అంటున్నాను, ద్రోహీ’ అని తిట్టాడు. ‘ఏకవచనంలో మాట్లాడకు’ అని మన దగ్గర ఎదుటివారు ఎందుకు కోప్పడతారో తెలిసినవారికి ఆ తిట్టులోని పదును విడమరచి చెప్పనక్కరలేదు. ఆ శతాబ్దంలోనే క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు దేవుని ఎదుట అందరూ సమానమేనంటూ అధికారులను సైతం ఏకవచనంలో పిలిచి వారి ఆగ్రహానికి గురయ్యారు.

మీరే ఈ మాటతో ఏదైనా రాయదలిస్తే, కారణం లేకుండా ఒకే వ్యక్తిని ఒక వాక్యంలో ‘దౌ’ అనీ మరో వాక్యంలో ‘యూ’ అనీ పిలవకండి. పలికేటప్పుడు ‘థౌ’ అని ఒత్తకుండా, ‘దట్’లో వచ్చే ‘ద’తోనే మొదలుపెట్టండి.