హైదరాబాదు మేడ మీద ఎడారి మొక్కలను వానాకాలం దాటించడం

ఎడారి మొక్కలు కొత్తగా కొన్నవారు సాధారణంగా మే నెల ఎండకు భయపడతారు. మల్కాజిగిరిలో మా మేడ మీద చాలా ఏళ్లుగా వీటిని పెంచుతున్నాను; ఎండకు పోయిన మొక్కలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు గానీ, వానకు కుళ్లిపోయినవాటికి లెక్కే లేదు. ఏడాదికి 250 మిల్లీమీటర్లకు మించి వాన పడని నేలను ఎడారి అంటారు. మన నగరంలో సుమారు 800 మిల్లీమీటర్లు పడుతుంది, అందులో చాలా భాగం నాలుగు నెలల్లోనే కురుస్తుంది. 2020 అక్టోబరులో ఒక్క రోజులో దాదాపు 190 మిల్లీమీటర్లు కురిసింది. థార్ ఎడారిలోని జైసల్మేరుకు ఇంచుమించు ఏడాది పొడవునా దక్కే నీరు అది. కాబట్టి ఇక్కడ మనం నేర్చుకోవలసినది ఈ మొక్కలకు నీరు పోయడం కన్నా, నీటి నుంచి వాటిని కాపాడడం.

ముందుగా మట్టి సంగతి చూడాలి. ఎడారిలో వాన పడినప్పుడు జోరుగానే పడుతుంది, కానీ గులకరాళ్లూ ముతక ఇసుకా కలిసిన నేలలో ఆ నీరు త్వరగా దిగిపోతుంది. కాక్టస్ వేళ్లు లోతుకు పోకుండా నేల పైపొరలోనే దూరదూరంగా పరుచుకొని, ఆ కాస్త సమయంలోనే అందినంత నీటిని పీల్చి కాండంలో దాచుకుంటాయి. ఆ తరువాత వాటి చుట్టూ మిగిలేది గాలి మాత్రమే. తడి మట్టిలో ఆ గాలి అందక వేరు ఊపిరాడక చస్తుంది, చచ్చిన వేరును బూజు పట్టుకుంటుంది. అందుకే జల్లించి సన్నపొడి తీసేసిన ముతక ఇసుక రెండు పాళ్లు, శనగగింజంత ఇటుక ముక్కలు ఒక పాలు, ఎర్రమట్టి ఒక పాలు, బాగా మాగిన ఆకుఎరువు ఒక పాలు కలిపి వాడుతున్నాను. నల్లరేగడిని దగ్గరకు కూడా రానివ్వకండి. కుండీలో ఒక చెంబు నీళ్లు పోస్తే అవి పైన నిలవకుండా వెంటనే అడుగు నుంచి కారిపోవాలి. నిలిస్తే ఇసుక పాలు పెంచండి. నర్సరీ మేళాలో కొన్న మొక్కలు చాలావరకు కొబ్బరిపొట్టులో వస్తాయి. ఆ పొట్టు తడిని రోజుల తరబడి పట్టి ఉంచుతుంది కనుక, మొదటి వాన పడకముందే వేళ్లను మెల్లగా దులిపి మట్టి మార్చి, వారం రోజుల వరకు నీరు పోయకుండా ఉంచాలి. కుండీ మట్టిదైతే మేలు, దాని గోడల గుండా కూడా తడి ఆరుతుంది.

ఈ మొక్కల శ్వాస తీరు తెలిస్తే నీరు ఎప్పుడు పోయాలో అర్థమవుతుంది. పగటి వేడిలో పత్రరంధ్రాలు, అంటే గాలి పీల్చే సన్నని రంధ్రాలు, తెరిస్తే ఉన్న నీరంతా ఆవిరైపోతుంది కనుక, ఈ మొక్కలు రాత్రి మాత్రమే వాటిని తెరిచి, లోపలికి తీసుకున్న కార్బన్ డయాక్సైడును మాలిక్ ఆమ్లంగా నిల్వచేసి, మరునాడు సూర్యకాంతిలో దానితో ఆహారం తయారుచేసుకుంటాయి. ఇదే పద్ధతి పాటించే రణపాల ఆకు మన పెరళ్లలోనే దొరుకుతుంది. ఉదయం పుల్లగా ఉండే ఆ ఆకు మధ్యాహ్నానికి చప్పబడుతుందని, ఒకప్పుడు సామర్లకోట తోటను చూసుకున్న వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ హేన్ 1813లో ఒక లేఖలో రాశాడు. మన నేల మీద పనిచేసిన మనిషి నాలుకతో కనిపెట్టిన సంగతి కావడం వల్ల నాకది ఎంతో ఇష్టం. ఈ రాత్రి పనికి చల్లదనం కావాలి. ఎడారిలో గాలి పొడిగా, ఆకాశం తేటగా ఉండడం వల్ల పొద్దు గుంకగానే నేల చల్లబడుతుంది. మన మేడల మీద స్లాబు మాత్రం అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. కుండీలను స్లాబు మీద నేరుగా పెట్టకుండా, అడుగున గాలి ఆడేలా ఇనుప స్టాండు మీదో ఇటుకల మీదో ఎత్తుగా ఉంచి, వేసవిలో నీటిని సాయంత్రం పోయండి.

కాలాన్ని నేను కార్తెలతోనే లెక్కపెడతాను. రోళ్లు పగిలే రోహిణిలో కొత్త మొక్కలకూ చిన్నవాటికీ షేడ్ నెట్ కట్టండి. నీడలో పెరిగిన కాక్టస్‌ను ఒక్కసారిగా ఎండలో పెడితే కాలిన మచ్చ పడుతుంది, అది ఇక పోదు. మృగశిర రాకముందే పైన పారదర్శకమైన రేకు వేసి, నాలుగు పక్కలా గాలికి తెరిచి ఉంచాలి. పక్కలు కూడా మూస్తే లోపల ఆవిరి పట్టి అదే కుళ్లు ముప్పు ఎదురవుతుంది. వానాకాలమంతా కుండీ అడుగు దాకా పుల్ల గుచ్చి, అది పొడిగా వస్తేనే నీరు పోయాలి. శీతాకాలంలో ఎడారి గులాబీ ఆకులు రాల్చి నిద్రపోతుంది, దానికి నీరు దాదాపు ఆపేయాలి. నమీబియా, దక్షిణాఫ్రికాల నుంచి వచ్చిన, గులకరాళ్లలా కనిపించే లిథాప్స్ మాత్రం నడివేసవిలో నిద్రపోతాయి. అప్పుడు జాలిపడి నీరు పోస్తే అవి పగిలి కుళ్లుతాయి.

పిండినల్లి అనే తెల్లని పురుగు పడితే స్పిరిట్‌లో ముంచిన దూదితో తుడవండి.

ఇంత చేసినా ఏదో ఒక మొక్క మొదలు దగ్గర మెత్తబడుతుంది. అది నాగజెముడు వంటి కాక్టస్సా, పాలుగారే జెముడా అన్నది ముందు చూసుకోండి. కాక్టస్ ముళ్లు దూది వంటి చిన్న మెత్తల్లోంచి మొలుస్తాయి, జెముడుకు ఆ మెత్తలు ఉండవు. జెముడు పాలు కంటిలో పడితే చాలా ప్రమాదం కనుక కళ్లద్దాలూ చేతి తొడుగులూ వేసుకోవాలి. శుభ్రమైన పదునైన కత్తితో కుళ్లు పైభాగాన కోసి, కోసిన చోట గోధుమరంగు చుక్క ఒక్కటైనా కనిపిస్తే ప్రతిసారీ కత్తిని తుడుస్తూ ఇంకా పైకి కోస్తూ పోవాలి. కండ అంతా ఒకే రంగులో కనిపించాక, ఆ ముక్కను నీడలో వారం పది రోజులు ఆరబెట్టి, పొడి ఇసుక మీద నిలబెట్టండి. మెల్లగా కదిపితే ముక్క నేలను పట్టుకున్నట్టు తెలిసేదాకా నీటి జోలికి పోకండి.